సిరిమాను నాటి కూలి

రామజోగి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేమి అడిగినా కుట్టు మిషను తొక్కుతూనే వినేవారు. నలుగురి ముందు తెలివి చూపించుకోవడానికి అడిగిన ప్రశ్న అయితే చక్రం ఆగేది కాదు. ఆయన దారం మార్చుకుంటూ, "అది పుస్తకాల్లో ఉంటుంది, చూసుకో" అనేవారు. మనిషిని లోపల కొరుకుతున్న ప్రశ్న అయితే మాత్రం కాలు దానంతట అదే నిలిచిపోయేది. అప్పుడు కూడా జవాబు చెప్పేవారు కాదు. ఎక్కడికో పంపించేవారు. పంపిన చోట ఏం జరిగితే అదే జవాబు.

విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో ఆయన దర్జీ కొట్టు. ఆయన కాషాయం కట్టలేదు, గడ్డం పెంచలేదు. తన గురువు దగ్గర నేర్చుకున్న తత్వాన్ని ఆదివారం పొద్దుట, బేరాలు లేని వేళ, పదిమందిమి చాప మీద కూర్చుంటే చెప్పేవారు. నేను అప్పట్లో హైస్కూల్లో లెక్కల మాస్టారిని. మాలో ఒక బట్టల కొట్టు గుమాస్తా ఉండేవాడు, ఇద్దరు రిటైరైన రైల్వే ఉద్యోగులు ఉండేవారు, హైమవతి ఉండేది. ఇది హైమవతికి జరిగిన సంగతి. కొంత నా కళ్ళతో చూశాను, మిగతాది ఆమె ఏదీ దాచుకోకుండా మా అందరి ముందూ చెప్పింది.

హైమవతి ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. భర్త రైలింజను నడుపుతాడు. ఇంట్లో ఉండే రోజులకంటే ఉండని రోజులే ఎక్కువ. వాళ్ళకు రెండున్నరేళ్ళ కూతురు, జోషిత. ఆ పిల్లకు ఒంట్లో వేడి పెరిగితే ఫిట్స్ వచ్చేవి. అప్పటికి రెండుసార్లు వచ్చాయి. రెండోసారి వచ్చినప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు. పాపను చూసుకునే నూకరత్నమే పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏదీ పెట్టకుండా, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ, వేలితో నేల మీద కొడుతూ క్షణాలు లెక్కపెట్టిందట. హైమవతి ఇల్లు చేరేసరికి పిల్ల నూకరత్నం ఒడిలో నిద్రపోతోంది. అప్పటినుంచి హైమవతి ఆమెను తప్ప ఇంకెవర్నీ నమ్మేది కాదు.

దసరాకు ముందు వచ్చిన ఆదివారం హైమవతి అడిగింది.

"గురువుగారూ, పండగనాడు నాకు డ్యూటీ పడితే నూకరత్నాన్ని రమ్మంటాను. కాదనకుండా వస్తుంది. చీర పెడతాను, పిండివంటలు పెట్టి పంపిస్తాను. కానీ పండగ పూట పనిచేసినందుకు విడిగా డబ్బులిచ్చింది లేదు. నాకైతే పండగనాడు పనిచేస్తే బదులుగా ఇంకో రోజు సెలవిస్తారు. మా వార్డులో ఒకామె అదే ఎత్తి చూపింది. వేరే ఊళ్ళో ఉండే మా అత్తగారేమో, ఇంటి మనిషికి కూలి లెక్క కట్టి అవమానించకు, లెక్క నేర్పితే ఇక లెక్క చూసుకునే పనిచేస్తుంది అంటున్నారు. డబ్బిస్తే ఆ ప్రేమ పోతుందేమోనని భయం. ఇవ్వకపోతే తప్పు చేస్తున్నానేమోనని భయం. ఏది ధర్మం?"

కాలు ఆగింది. చక్రం కొంచెం తిరిగి నిలిచింది.

"పండగనాడు ఆమె ఎన్నింటికి లేస్తుంది?" అన్నారు రామజోగి గారు.

"తెలీదు గురువుగారూ."

"మీ ఇంటికి వచ్చాక, ఆమె ఇంట్లో ఎవరుంటారు?"

"ఒక కూతురుందని చెప్పింది. బడికి వెళ్తూ ఉండాలి."

"ఎన్నాళ్ళుగా వస్తోంది?"

"రెండేళ్ళు దాటింది."

"ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రా అమ్మా. ఏమీ పట్టుకెళ్ళకు. ఏమీ అడగకు. చూసి రా" అన్నారు. అంతే. మళ్ళీ బట్ట అందుకున్నారు.

హైమవతి వెళ్ళలేదు. వెళ్ళలేకపోయానని తర్వాత చెప్పింది. ఒకరోజు తీరిక లేదు, ఒకరోజు వాన. అసలు సంగతి వేరు: వెళ్తే ఏదో కనబడుతుందని, కనబడ్డాక ఇప్పటిలా ఉండటానికి వీల్లేదని ఆమెకు లోపల తెలుసు. దసరా వచ్చింది. డ్యూటీ పడింది. నూకరత్నం వచ్చింది. హైమవతి ఈసారి కొంచెం ఖరీదైన చీరే పెట్టింది. నూకరత్నం కళ్ళకద్దుకుని తీసుకుంది. ఆ చీరతో ఆ ప్రశ్న తీరిపోయిందని హైమవతి తనకు తాను చెప్పుకుంది.

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఆ పండగ ఎరగనివాళ్ళకు రెండు మాటలు. పొడుగాటి చింతమాను చివర పీట కట్టి, పూజారిని కూర్చోబెట్టి, గుడికీ కోటకూ మధ్య ఊరేగిస్తారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ రోజు విజయనగరంలోనే ఉంటాయి. ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. ఆస్పత్రిలో ఎవరికీ సెలవు ఉండదు. ఎండకు సొమ్మసిల్లిన వాళ్ళూ, తొక్కిడిలో దెబ్బలు తగిలిన వాళ్ళూ వస్తూనే ఉంటారు. హైమవతికి మధ్యాహ్నం రెండు నుంచి డ్యూటీ. భర్త రైలు మీద ఉన్నాడు, రెండు రోజులకు గాని రాడు.

ముందురోజు సాయంత్రం ఆమె నూకరత్నం చేతిలో మిఠాయి పొట్లం పెట్టి, ఆ చెయ్యి వదలకుండా, "రేపు పన్నెండింటికల్లా వచ్చెయ్ రత్నం. నువ్వు మా ఇంటి మనిషివి. నువ్వే లేకపోతే నేనేమైపోతాను" అంది. నూకరత్నం ఏదో అనబోయి, తల ఊపి వెళ్ళింది.

మంగళవారం పన్నెండు అయింది. నూకరత్నం రాలేదు. పన్నెండుంపావు. రాలేదు. హైమవతి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. ఇంకోసారి చేసింది, అదే. పిల్లను ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళి వీధి చివరిదాకా చూసింది. గుడివైపు వెళ్ళే జనం తప్ప ఇటు వచ్చేవాళ్ళు లేరు. అప్పుడే పిల్ల మెడ ఆమె చెంపకు తగిలింది. వేడిగా ఉంది.

థర్మామీటరు పెట్టి చూసింది. నూరు దాటింది. మందు పట్టింది. పక్కింటివాళ్ళు తాళం వేసుకుని పండక్కి వెళ్ళారు. కింది వాటాలో ఉన్నావిడ నెల కిందట నూకరత్నాన్ని పిలిచి, మాకు కుదురుతావా, ఎక్కువిస్తాం అని అడిగిందని హైమవతికి ఎవరో చెప్పారు. అది ఇప్పుడు గుర్తొచ్చింది. వెళ్ళిపోయిందేమో. చెప్పకుండా మానేసిందేమో. లేకపోతే దారిలో ఏదైనా జరిగిందేమో. ఎండకు పిల్లకు టోపీ పెట్టింది.

నూకరత్నం ఉండే కాలనీ పేరు మాత్రం ఆమెకు తెలుసు. కోటకు అవతల, ఊరి చివర. ఆటోలు తిరగడం లేదు. దారులన్నిటికీ కర్రలు అడ్డం కట్టారు. పిల్లను చంకనేసుకుని, గొడుగు పట్టుకుని, హైమవతి నడుస్తూ బయల్దేరింది. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఇరుక్కుని ముందుకూ వెనక్కూ కదల్లేకపోయింది. డప్పుల మోతకు పిల్ల ఏడుపు లంకించుకుంది, తర్వాత ఏడుపు ఆపేసి భుజం మీద వాలిపోయింది. ఏడుపు కంటే ఆ ఊరుకోవడమే ఎక్కువ భయపెట్టింది. పది అడుగులకోసారి ఆగి పిల్ల కళ్ళు చూసింది. ఒక పోలీసాయన దారి చేసి సందులోంచి పంపించాడు. కాలనీ చేరేసరికి ఒంటిగంట దాటింది.

అడిగితే ఇల్లు చూపించారు. రేకుల కప్పు, ముందు చిన్న అరుగు. అరుగు మీద కొత్త చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. గుమ్మంలో నూకరత్నం. బాగానే ఉంది. దెబ్బ తగల్లేదు, జబ్బు చెయ్యలేదు. ఆమెను అలా నిక్షేపంగా చూడగానే హైమవతిలో అప్పటిదాకా భయంగా ఉన్నదంతా కోపమైపోయింది.

"ఏం మనిషివి రత్నం నువ్వు! ఒక్క ఫోన్ చెయ్యలేవా? పిల్లకి జ్వరం. రెండింటికి నేను డ్యూటీలో ఉండాలి. నిన్ను నమ్ముకున్నందుకు ఇదా?"

నూకరత్నం ముఖంలో రక్తం లేదు. "పనిలోంచి తీసెయ్యకండమ్మా," అంది మొట్టమొదట. తర్వాత పిల్లను చూసింది. రెండడుగుల్లో వచ్చి పిల్లను అందుకుని, నుదురు తాకి, "జరంతో మండిపోతంది" అంటూ లోపలికి తీసుకెళ్ళిపోయింది. హైమవతి వెనకే వెళ్ళింది.

ఒకటే గది. గోడవారన పరుపు మీద పన్నెండేళ్ళ పిల్ల పడుకుని ఉంది. చేతులు రెండూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. కాళ్ళు కట్టెల్లా సన్నగా, ఒకదానిమీద ఒకటి మెలిపడి ఉన్నాయి. మెడ కింద రెండు దిళ్ళు. మనిషి అలికిడికి ఆ పిల్ల కళ్ళు గుండ్రంగా తిప్పి చూసి, పెద్దగా నవ్వింది.

"నా కూతురమ్మా. ఝాన్సీ," అంది నూకరత్నం, తడిగుడ్డ పిండుతూ.

పరుపు పైన గోడకు మేకు కొట్టి ఉంది. దానికి ఒక జత చెప్పులు వేలాడుతున్నాయి. గులాబీ రంగువి, మీద పూలబొమ్మలు, అడుగున ఒక్క మట్టి మరక లేదు. అవి నిరుడు ఉగాదికి హైమవతి ఇచ్చినవి. మీ అమ్మాయి బడికి వేసుకుంటుందిలే అని చెప్పి ఇచ్చింది. నూకరత్నం ఆ రోజు కూడా కళ్ళకద్దుకునే తీసుకుంది.

హైమవతి ఆ చెప్పుల నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

అరుగు మీదామె లోపలికి వచ్చింది. పేరు సింహాచలం, పక్కింట్లోనే ఉంటుంది. నూకరత్నం తన కూలిలో సగం ఇస్తుంటే, ఆమె పనికి వెళ్ళినప్పుడు ఝాన్సీని సింహాచలమే కనిపెట్టుకుని ఉంటుంది. ఎత్తి కూర్చోబెట్టడం, తినిపించడం, శుభ్రం చెయ్యడం అన్నీ ఆమే.

"నానేటీ అడగనేదమ్మా," అంది సింహాచలం, తనమీద తప్పు పడుతుందేమోనన్నట్టు. "పొద్దున్నుంచీ సెప్తన్నాను, నాను కూకుంటాను, నువ్వెల్లు అని. ఇదే ఒప్పుకోదు."

"ఎలా ఒప్పుకుంటాను?" అంది నూకరత్నం. తల ఎత్తలేదు, జోషిత చంకల కింద, మెడ వెనక గుడ్డ అద్దుతూనే ఉంది. "పండగ పూట దీనికి రెట్టింపు ఇత్తానమ్మా. మొన్న దసరాకి ఇచ్చీసినాను. వారం తిరక్కుండా మళ్ళీ పండగొచ్చింది. సేతిలో నేదు. దీనింటికి సుట్టాలొచ్చినారు, కొత్త కోక కట్టుకుంది. పండగ పూట ఆడమనిసిని ఇల్లు ఒగ్గి రమ్మని, మామూలు రోజు కూలి సేతిలో ఎట్టడానికి మనసెలాగొత్తాది?"

ఆ మాట తనను ఉద్దేశించి అన్నది కాదని హైమవతికి తెలుసు. అందుకే అది అంత లోతుగా దిగింది. ఎత్తిపొడుపు అయితే కోపమైనా తెచ్చుకోవచ్చు. ఈ మనిషి తనకు తెలిసిన ఒక మామూలు సంగతి చెబుతోంది, అన్నం వండేముందు బియ్యం కడగాలని చెప్పినట్టు.

"రెట్టింపంటే..." అంది హైమవతి. అడగవద్దన్నారు గురువుగారు. అయినా అడిగింది. "నీకు రోజుకొచ్చేది ఎంతో అంతా అవుతుందా రత్నం?"

"అవుద్దమ్మా."

రెండేళ్ళలో తొమ్మిది పండగలు. ఆ తొమ్మిది రోజులూ నూకరత్నం తన కూలి మొత్తం సింహాచలం చేతిలో పోసి, ఖాళీ చేతులతో హైమవతి ఇంటికి వచ్చి, జోషితకు అన్నం తినిపించి, జోలపాడి వెళ్ళింది. హైమవతి తర్వాత అది మాకు చెబుతూ ఆ తొమ్మిదీ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "నేను చీర పెట్టి పుణ్యం చేశాననుకున్నాను మాస్టారూ," అంది నావైపు చూసి, "అన్నాళ్ళూ ఆమె నాకు దానం చేసింది."

"మరి నన్నడగొచ్చు కదా," అందట హైమవతి ఆ గదిలో.

"నిన్న అడుగుదామనే నోరు తెరిచానమ్మా. మీరు నా సెయ్యట్టుకుని, నువ్వు మా ఇంటి మనిసివి అన్నారు. ఆ మాటన్నాక ఇంక డబ్బుల మాట ఎలాగొత్తాది?" నూకరత్నం గుడ్డ మళ్ళీ తడిపింది. "ఫోను కూడా నానే ఆపీసినాను. మోగితే ఎత్తకుండా ఉండలేను. ఎత్తితే రానని సెప్పలేను. పొద్దున్నుంచీ ఒకటే బయం, రేపు గుమ్మంలోకి రానిత్తారో నేదో అని."

టైము ఒకటిన్నర. హైమవతి వార్డుకు ఫోన్ చేసింది. పిల్లకు జ్వరమని, ఈ పూటకు సెలవు కావాలని అడిగింది. అవతల ఇన్‌చార్జి సిస్టరు గొంతు కూడా గాభరాగానే ఉంది: అప్పటికే ఆరుగురిని మోసుకొచ్చారు, ఉన్నది ఇద్దరే, కావాలంటే అరగంట ఆలస్యంగా రా, అసలు రాకుండా ఉంటే మాత్రం కుదరదు.

"పాపను ఈడే ఉంచండమ్మా," అంది నూకరత్నం. "ఇద్దరు గుంటపిల్లల్నీ నాను సూసుకుంటాను. సింహాచలాన్ని ఇంటికెల్లిపోమంటాను."

హైమవతి గది చుట్టూ చూసింది. రేకుల వేడి, ఒకే కిటికీ, తిరుగుతున్నా గాలి రాని ఫ్యాను. ఇక్కడా, జ్వరంతో ఉన్న పిల్లనా, అని ఆమె మనసు వెనక్కి లాగింది. ఆ మాట పైకి అనలేదు. అనబోతుండగా ఝాన్సీ వైపు చూసింది. ప్రతిరోజూ, పండగైనా పబ్బమైనా, ఈ పిల్లను ఇదే గదిలో వదిలి ఒక తల్లి తలుపు దాటుతోంది. దాటి హైమవతి ఇంటికే వస్తోంది.

"ఉంచుతాను," అంది. "కానీ ఒకటి చెప్పు. పండగనాటికి నీకు ఎంత ఇవ్వాలి?"

"మీకు తోచింది ఇవ్వండమ్మా."

"నాకు తోచింది రెండేళ్ళుగా చూశావు కదా. నువ్వు చెప్పు."

సింహాచలం నూకరత్నం భుజం మీద తట్టింది. "సెప్పు పిల్లా. నోట్లో ముత్యాలు రాలిపోతాయేటి?"

నేల చూపులు చూస్తూ నూకరత్నం చెప్పింది. పండగ పూటకు రెట్టింపు. పిలవాలంటే వారం ముందు చెప్పాలి, సింహాచలానికి తను చెప్పుకోవాలి కాబట్టి. ఇంకొకటి కూడా ఉందని, గుడ్డ మడతపెడుతూ అంది: "సిరిమాను నాడు మాత్రం పిలవకండమ్మా. ఆరోజు ఝాన్సీని ఎత్తుకుని సందు సివరదాకా తీసుకెల్లి సూపిత్తాను. మూడేళ్ళై సూపించనేదు."

"ఇవాళ పిలిచేశాను కదా," అంది హైమవతి, ఏమనాలో తెలీక.

"ఇవాల నానెక్కడొచ్చాను? మీరే ఒచ్చినారు," అంది నూకరత్నం. సింహాచలం నవ్వేసింది. ఝాన్సీ కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వింది.

హైమవతి డ్యూటీకి వెళ్ళింది. ఆ ఆరుగంటలు ఎలా గడిచాయో తనకే తెలీదని చెప్పింది. సొమ్మసిల్లిన ముసలమ్మకు సెలైన్ ఎక్కిస్తూ చెవి ఫోన్ మీదే ఉంచింది. ఫోన్ మోగినప్పుడల్లా ఏమైందోనని భయం. మోగకపోతే, మోగటం లేదేమని ఇంకో భయం. నాలుగున్నరకు కోటవైపు నుంచి పెద్ద కేక లేచింది. సిరిమాను కదిలిందని వార్డంతా కిటికీల దగ్గరకు పరిగెత్తింది. ఆమె కదలలేదు. అయిదింటికి నూకరత్నం ఫోన్ చేసింది. జ్వరం దిగిందని, ఫిట్స్ రాలేదని, ఝాన్సీ గంజిలో సగం పాప తాగేసిందని. హైమవతి స్టోరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది. డ్యూటీ దిగి వెళ్ళేసరికి జోషిత ఆ పరుపు మీదే, ఝాన్సీ పక్కన, ముడుచుకున్న ఆ చేతిలో తన వేలు పెట్టి నిద్రపోతోంది.

గురువారం నాడు హైమవతి గడిచిన పండగలన్నిటికీ రావలసింది, ఆ సిరిమాను నాటిదీ కలిపి కవరులో పెట్టి ఇచ్చింది. నూకరత్నం కవరు విప్పింది. ఒక్కొక్క నోటూ లెక్కపెట్టుకుంది. సరిపోయిందని తల ఊపి, బొడ్లో దోపుకుని, పాప పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్ళింది. కళ్ళకద్దుకోలేదు. ఒక్క మాటైనా అనలేదు.

ఆ వచ్చిన ఆదివారం ఇదంతా మాకు చెప్పి, హైమవతి కొంగుతో ముఖం తుడుచుకుంది. మనసు తేలికపడిన మనిషిలా లేదు. ఇంకా ఏదో తొలుస్తూనే ఉంది.

"గురువుగారూ, నేను కృతజ్ఞతలు ఆశించానని కాదు. కానీ ఆమె సంతోషించినట్టు కూడా కనబడలేదు. పైగా మొన్న శుక్రవారం, నిన్నా, సరిగ్గా ఆరు కొట్టగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇదివరకు పాప నిద్రపోయేదాకా ఉండేది. మా అత్తగారన్నట్టే అయిందేమో. చీర పెట్టినప్పుడు నవ్వేది. ఇప్పుడు ఏమీ అనదు."

రామజోగి గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"ఒకటో తారీఖున జీతం పడినప్పుడు నువ్వు ఎవరికి దండం పెడతావమ్మా?"

గుమాస్తా ఫక్కున నవ్వి, వెంటనే నవ్వు మింగేశాడు. వాళ్ళింట్లోనూ వంటకు ఒకామె వస్తుందని మాకందరికీ తెలుసు. హైమవతి నవ్వలేదు.

"అది అర్థమైంది గురువుగారూ," అంది. "కానీ ఈ భయం పోవడం లేదు. సాయంత్రం ఆమె గుమ్మం దిగుతుంటే, రేపు వస్తుందో రాదో అనిపిస్తోంది. ఎవరైనా ఇంకొంచెం ఎక్కువిస్తామంటే ఏం చెయ్యను? నా వల్ల ఏ లోటు జరిగిందోనని రోజంతా వెతుక్కుంటున్నాను. ఇదివరకు నాకు ఇంత భయం లేదు."

ఆయన ఆమె వైపు చాలా దయగా చూశారు.

"ఉండనీ తల్లీ. రెండేళ్ళూ ఆ భయాన్ని ఆమె ఒక్కతే మోసింది."